మా బ్యాండు పేరు దిద్దిన మేనత్త

మా మేనత్త పోయింది. మధ్యాహ్నం భోజనం చేసి, చేయి కడుక్కుని, పేపరు పట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చుందట. పక్కింటావిడ పెరుగు తోడు కోసం వచ్చి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నారు. నాన్న నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అత్తయ్య వెళ్ళిపోయిందే" అన్నాడు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు. అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

విజయవాడలో ఆఫీసు నుంచి అలాగే బస్సెక్కి నందిగామ చేరాను. ఇంటి గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకావిడ అడిగింది, "ఎవరండీ పోయింది?" రెండో ఆవిడ చెప్పింది, "లెక్కల టీచరమ్మ. అదేనండీ, ఆ పిచ్చి టీచరు. పాపం, చాలా మంచావిడ." ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో అంది. నాకు కోపం రాలేదు. అత్తయ్య వింటే, "టీచర్నే కదా, మంచిదాన్నే కదా, మధ్యలోదానికి మాత్రం సరైన పేరు వేరే ఉంది" అని ఉండేది.

ఆ సరైన పేరు ఆమె ఎప్పుడూ దాచలేదు. బైపోలార్. పెళ్ళయిన కొత్తలో వచ్చింది. కొన్ని వారాలు నిద్ర లేకుండా, ఆకలి లేకుండా, ప్రపంచాన్నంతా తిరగరాసేంత హుషారు. ఆ తర్వాత కొన్ని నెలలు మంచం మీంచి లేవలేనంత బరువు. ఆమె ఆ హుషారులో ఉండగానే భర్త వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. అత్తయ్య ఒక వేసవంతా వైజాగులో ఆసుపత్రిలో ఉంది. బయటికొచ్చాక మందులు వేసుకుంటూ, జిల్లా పరిషత్ స్కూళ్ళలో లెక్కలు చెప్పుకుంటూ బతికింది. వత్సవాయిలో చేసింది, వీరులపాడులో చేసింది, ఆఖరికి నందిగామలో రిటైరయింది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఆమె ఇల్లు.

ఆమె వేసుకునే మందు వల్ల చేతులు కొద్దిగా వణికేవి, దాహం ఎక్కువగా ఉండేది. బోర్డు మీద గీసిన సరళరేఖ కూడా కాస్త అలలాగా వచ్చేది. పిల్లలు నవ్వితే, "ఇది సరళరేఖే అనుకోండి. లెక్కల్లో సగం అనుకోవడమే" అనేది. ఎక్కడికెళ్ళినా భుజానికి ఇంత పెద్ద స్టీలు ఫ్లాస్కు. పెళ్ళిళ్ళలో కూడా ఫొటోలన్నిట్లో ఆ ఫ్లాస్కు ఉంటుంది. పిల్లల నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఒక్కటే మాట చెప్పేది: "లెక్క తప్పైతే కొట్టెయ్. పేజీ చింపకు. ఎక్కడ తప్పామో రేపు కావాలి."

నాకు పదేళ్ళప్పుడు నన్ను కూర్చోబెట్టి ఒక పని అప్పజెప్పింది.

"చూడు తల్లీ, నేను ఒక్కరోజులో మూడు రకాల పచ్చళ్ళు పట్టానంటే వెంటనే మీ నాన్నకి చెప్పాలి. నేను వద్దన్నా చెప్పాలి."

"ఎందుకత్తయ్యా? పచ్చళ్ళు పట్టకూడదా?"

"ఒకటి పడితే పచ్చడి. మూడు పడితే జబ్బు."

ఆ తర్వాతి సంవత్సరం మామిడికాయల రోజుల్లో బడి నుంచి వస్తూ ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిలంతా ముక్కలు ఆరబోసి ఉన్నాయి. వంటింట్లో గోంగూర ఒక పక్క, టమాటాలు ఒక పక్క, పండుమిరపకాయలు ఒక పక్క. అత్తయ్య పాట పాడుకుంటూ రోలు కడుగుతోంది. నన్ను చూసి ముద్దు పెట్టుకుని, ఈసారి పచ్చళ్ళు కోదాడ దాకా అమ్ముదామంది. నేను పరుగెత్తి నాన్నకి చెప్పాను. నాన్న వెళ్ళేసరికి ఆమె కోప్పడింది, ఏడ్చింది, తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున తనే చీర మార్చుకుని, ఫ్లాస్కు తగిలించుకుని, "పదరా, డాక్టరు దగ్గరికి" అంది నాన్నతో. తిరిగొచ్చాక నాకు ఒక జామకాయ ఇచ్చి, "బాగా చేశావు" అంది. మా ఇంట్లో జబ్బు అంటే ఇలా మాట్లాడుకునే విషయం. అందరి ఇళ్ళలో ఇలా ఉండదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు మేం ముగ్గురం కలిసి ఒక బ్యాండు పెట్టాం. నేను బేస్ గిటారు. జగ్గయ్యపేట నుంచి వచ్చే శ్రావణ్ గిటారు వాయిస్తూ పాడేవాడు. నాగూర్ డ్రమ్స్. వాళ్ళ నాన్నకి జగ్గయ్యపేట బైపాసులో వెల్డింగ్ షెడ్డు ఉండేది. ఆదివారం పని ఉండదు కాబట్టి అక్కడే ప్రాక్టీసు. మేం వాయించేది పంక్. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, నాలుగైదు స్వరాల మీద, వీలైనంత వేగంగా, వీలైనంత గట్టిగా, గొంతు చించుకుని పాడి రెండు నిమిషాల్లో ముగించే సంగీతం. రాగజ్ఞానం అక్కర్లేదు, కోపం ఉంటే చాలు. మా కోపాలు మాకున్నాయి. సిమెంటు దుమ్ము మీద ఒక పాట, బ్యాక్‌లాగుల మీద ఒక పాట, కాలేజీ బస్సు మీద ఒక పాట.

బ్యాండుకి పేరు కావాల్సొచ్చింది. శ్రావణ్ "పిచ్చాసుపత్రి" అన్నాడు.

వాడు ఊరికే అనలేదు. ఇంగ్లండు, అమెరికా పంక్ బ్యాండ్ల పేర్లన్నీ వాడికి నోటికొచ్చు. ఫోన్ తీసి చూపించాడు. ఒకరిది జబ్బు పేరు, ఒకరిది మూర్ఛ పేరు, ఒకరిది ఆసుపత్రి వార్డు పేరు, ఒకరిది కరెంటు షాకు, ఒకరిది నిద్రమాత్ర. "చూడు, సగం మంది ఇవే. పంక్ అంటేనే ఇది" అన్నాడు. నాగూర్‌కి నచ్చింది. నేను, "మా అత్తయ్యనడుగుతా" అన్నాను. వాళ్ళిద్దరూ నవ్వారు. బ్యాండు పేరుకి అత్తయ్యనడగడం ఏంటన్నారు. ఆమె సంగతి చెప్పాను. శ్రావణ్ నవ్వు ఆపి, "అయితే వద్దులే, వేరేది చూద్దాం" అన్నాడు. వద్దనడం నాకెందుకో నచ్చలేదు. అడుగుతానంటే అడుగుతానన్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను.

అత్తయ్య అప్పుడు బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తకుండా విని, "ఎవరా కుర్రాడు? ఒకసారి తీసుకురా" అంది.

"తిడతావా?"

"తిట్టడమెందుకు? ఫారిన్‌లో వాళ్ళు ఎందుకట్లా పెట్టుకుంటున్నారో తెలుసుకుందామని."

శ్రావణ్ భయపడుతూనే వచ్చాడు. అత్తయ్య పెసరట్టు వేసి పెట్టి, ఎదురుగా కూర్చుని, "ఊ, చెప్పు నాయనా, ఒక్కొక్కటీ చెప్పు" అంది. వాడు ఒక్కో బ్యాండు పేరు చదివి తెలుగులో అర్థం చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ప్రతి పేరుకీ ఒకే ప్రశ్న వేసింది.

"ఇది పెట్టినవాళ్ళలో ఎవరికైనా ఆ జబ్బుందా?"

"ఇందులో పాడేవాడికి ఉందండి. వాడే చెప్పాడు ఇంటర్వ్యూలో."

"అయితే ఇది లోపల్నుంచి వచ్చిన పేరు. తర్వాతది?"

"వీళ్ళకి లేదండీ. ఊరికే, వినడానికి భయంగా ఉంటుందని."

"ఇది గోడెక్కి తొంగిచూసిన పేరు. తర్వాత?"

అలా చాలాసేపు సాగింది. ఒక బ్యాండు పేరు దగ్గర మాత్రం ఆమె పగలబడి నవ్వింది. అదొక మాత్ర పేరు. "ఇది నేనూ వేసుకున్నానయ్యా! దీని మీద పాట కడితే రెండో చరణానికి అందరూ నిద్రపోతారు." శ్రావణ్‌కి అప్పుడు కాస్త ధైర్యమొచ్చింది.

"అందరూ వాళ్ళని పిచ్చోళ్ళంటారండి. అవును, పిచ్చోళ్ళమే, అయితే ఏంటి అని ఎదురు తిరిగి పెట్టుకుంటారండి ఆ పేర్లు. అదండీ పంక్."

అత్తయ్య వాడి పళ్ళెంలో ఇంకో పెసరట్టు వేసింది.

"అది బాగుంది. ఎవరో విసిరిన రాయిని మనమే ఏరుకుని జేబులో వేసుకోవడం. బాగుంది. కాకపోతే నాయనా, ఆ రాయి నీకు తగిలిందా?"

శ్రావణ్ చేతిలో ఫోన్ బోర్లా పెట్టాడు.

"నేనున్నానక్కడ. ఒక ఎండాకాలమంతా. పిచ్చాసుపత్రి అనే మాట గేటు బయటివాళ్ళది. లోపల మేమెవరం ఆ మాట అనం. వార్డు అంటాం, టిఫిన్ అంటాం, విజిటర్సొచ్చారా అంటాం. నువ్వు పేరు పెట్టొద్దని నేననను. గేటు బయట మాట పెడుతున్నావు, అది తెలిసి పెట్టు. అంతే."

"మరి మీరే ఒకటి చెప్పండి టీచర్‌గారూ."

"పాట వినకుండా పేరెలా పెడతాం?"

ఆ మాట ఊరికే అందనుకున్నాం. ఆదివారం పొద్దున ఆటో దిగి షెడ్డు ముందు నిలబడింది. నీలం అంచు నేత చీర, భుజాన ఫ్లాస్కు, చెవుల్లో అప్పటికే దూది. నాగూర్ వాళ్ళ నాన్న కంగారుపడి లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొత్త తువ్వాలుతో తుడిచి వేశాడు. మేం మా పాటలన్నీ వాయించాం. శ్రావణ్ ఆ రోజు మరీ గట్టిగా అరిచాడు. షెడ్డు రేకులు అదురుతుంటే బయట రోడ్డు మీద వెళ్ళే లారీ క్లీనరు తల బయటపెట్టి చూశాడు. అత్తయ్య కదలకుండా కూర్చుంది. అయిపోయాక దూది తీసి మడిచి పర్సులో పెట్టుకుంది.

"పాటలో మాటలు నాకర్థం కాలేదు. కానీ ఈ అరుపు నాకు తెలుసు. ఒకసారి నేనూ మా డాబా మీద నిలబడి ఇలాగే అరిచా. వీధంతా చేరారు. నన్ను కిందికి దించి మంచానికి కట్టేశారు. ఇతనికేమో మైకిచ్చారు."

మేం ముగ్గురం తలలు దించుకున్నాం. ఆమె మమ్మల్ని చూసి చిరాకుపడింది.

"అబ్బ, ఏడుపు మొహాలు పెట్టకండి. తేడా చెబుతున్నా. మైకిస్తే బాగుండేదేమో అనుకుంటున్నా."

కట్టేసినవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. ఆ విషయం ఆమే, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పింది. "వాడికప్పుడు నీ వయసు. ఏడుస్తూనే ముడేశాడు. ముడి సరిగ్గా పడక మళ్ళీ విప్పి వేశాడు." నేను నాన్ననెప్పుడూ అడగలేదు. ఆయన జీవితమంతా పొద్దున్నే పాలు పట్టుకెళ్ళి అక్క ఇంట్లో ఇచ్చి, కాసేపు కూర్చుని రావడం మాత్రం చూశాను.

ఆ వారంలోనే ఆమె విజయవాడ పెద్దాసుపత్రికి నెలవారీ పరీక్షకి వెళ్ళాల్సి ఉంది. శ్రావణ్‌ని, "నాతో వస్తావా? బస్సులో సీటు పడతావు" అని అడిగింది. జగ్గయ్యపేటలో బస్సెక్కితే సీటు దొరుకుతుంది, నందిగామ వచ్చేసరికి నిండిపోతుంది. వాడు కిటికీ సీటు ఆపి పెట్టాడు. ఆసుపత్రిలో పొద్దున్నుంచి ఓపీ దగ్గర లైన్లో నిలబడ్డాడు. మర్నాడు మాకు చెప్పాడు. అక్కడ భయపడేదేమీ లేదట. పత్తి రైతొకాయన, కొత్తగా పెళ్ళయిన జంట, బ్యాంకు బ్యాడ్జి వేసుకున్న ఆయన, మనవరాలికి జడేస్తున్న ముసలమ్మ. అందరి చేతుల్లో ఒకటే, ఓపీ చీటీ. అందరూ దాన్ని చెమటకి తడవకుండా పట్టుకుని తమ నంబరు కోసం చూస్తున్నారట. వాడు తిరుగు బస్సులో, "టీచర్‌గారూ, ఓపీ చీటీ అని పెడితే?" అన్నాడట.

"అన్నాక ఆవిడ కంచికచర్ల దాకా మాట్లాడలేదు." అని చెప్పాడు శ్రావణ్. "కంచికచర్ల దాటాక, 'ఇది గేటు లోపలి మాట. ఖాయం చేసుకో' అన్నారు."

కాలేజీ ఫెస్టులో యాంకర్ "ఓపీ చీటీ" అని చదవగానే ఆడిటోరియమంతా గొల్లున నవ్వింది. మొదటి పాట అయ్యేసరికి ముందు వరసలో కొందరు లేచి గెంతుతున్నారు. మూడో పాట లైన్లో నిలబడటం మీద కొత్తగా కట్టింది. "నంబరెంత, నంబరెంత" అని శ్రావణ్ అరిస్తే, హాలు మొత్తం నోటికొచ్చిన నంబరు అరిచింది. చివరి వరసలో అత్తయ్య కూడా చెయ్యి ఊపుతూ ఏదో అరిచింది. ఏ నంబరని తర్వాత అడిగితే, "నాది అసలు నంబరేనే, మొన్నటి చీటీది" అంది.

ఫైనలియర్లో శ్రావణ్ మారిపోయాడు. తెల్లవారకముందే ఫోన్ చేసేవాడు. కొత్త పాట, ఇంకో కొత్త పాట. షెడ్డు గోడల నిండా సుద్దముక్కతో రాశాడు. నీళ్ళ ట్యాంకంత ఎత్తు స్టేజీ వెల్డింగ్ చెయ్యమని నాగూర్‌ని పట్టుబట్టాడు. దేశదేశాల బ్యాండ్లకి ఉత్తరాలు రాసి అందరి పేర్లూ మార్పిస్తానన్నాడు. మాకు మొదట్లో సంబరంగానే ఉంది. ఇంత బాగా వాడెప్పుడూ పాడలేదు. నేను అత్తయ్యకి ఆ సంబరమే చెప్పబోయాను.

ఆమె మధ్యలోనే ఆపింది. "నిద్రపోతున్నాడా?"

"లేదంట. అవసరం లేదంటున్నాడు."

అత్తయ్య చేతిలో గరిటె పక్కన పెట్టింది. "మూడు పచ్చళ్ళు" అంది.

వాళ్ళింటికి ఫోన్ చేసింది. తియ్యలేదు. మరో వారానికి శ్రావణ్ ఫోన్ కూడా ఆగిపోయింది. కాలేజీకి రావడం మానేశాడు. కామెర్లని, పసిరికలు చేశాయని వాళ్ళ నాన్న అందరికీ చెప్పాడు. ఆయనకి జగ్గయ్యపేటలో సిమెంటు డీలర్‌షిప్, ఊళ్ళో పేరు. శ్రావణ్ అక్కకి సంబంధాలు చూస్తున్నారు. వాళ్ళింటి పక్కనే ఉండే నాగూర్ పిన్ని చెప్పిందేమిటంటే, పసిరికలు కాదు, పిల్లాడు గదిలోంచి రావట్లేదు, ఎవరో తాయెత్తు కట్టేవాణ్ణి రెండుసార్లు ఇంటికి పిలిపించారు.

అత్తయ్య నన్ను తీసుకుని బస్సెక్కింది. వాళ్ళ నాన్నగారు గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు. మర్యాదస్తుడు, కానీ లోపలికి రమ్మనలేదు.

"టీచర్‌గారూ, మీ మీద గౌరవం ఉందండి. కానీ మీరిలా మా ఇంటికి రావడం ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో మీకు తెలియంది కాదు."

"చూడనివ్వండి. లెక్కల టీచరొచ్చిందని చెప్పండి. మీవాడికి సబ్జెక్టు మిగిలిపోయిందని చెప్పండి. అబద్ధం కూడా కాదుగా."

"వాడికేం లేదండి. దిష్టి. పేర్లు మంచివి పెట్టుకోవాలండి. ఆసుపత్రి పేరు పెట్టుకుని పాటలు పాడితే ఏమవుతుంది? ఆ పేరే పట్టుకుంది."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండ బాగా ఉంది.

"మా అమ్మ నాకు మహాలక్ష్మి పేరు పెట్టిందండి. నాకేమైనా పట్టిందా? పేరుకీ జబ్బుకీ లెక్క కుదరదు. నాకొచ్చినప్పుడు మా ఇంట్లోనూ ఇదే అన్నారు. ఎవరో ఏదో చేశారన్నారు. ఆ తిరుగుడులో రెండేళ్ళు పోయాయి. నాకు కావాల్సింది ఒక మాత్ర."

"మీకేంటండీ, మీరు ఒంటరివారు. మాకు పెళ్ళి కావాల్సిన పిల్లుంది."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య మాత్రం తల ఊపింది, ఎవరో సరైన జవాబు చెప్పినట్టు.

"అది నిజమే. అయితే ఒక పని చేద్దాం. వచ్చే శుక్రవారం నేను ఓపీకి వెళ్ళాలి. మీవాణ్ణి నాకు తోడు పంపించండి. ఎవరడిగినా, పిచ్చి టీచరుకి మావాడు సాయం వెళ్ళాడని చెప్పండి. ఊరంతా నమ్ముతుంది. నా పేరు ఎలాగూ ఉంది కదండీ, దాని వెనకాల ఇంకొకరు పడతారు."

ఆయన వెనక్కి తిరిగి కొడుకు గది తలుపు వైపు చూశారు. తర్వాత చెప్పులు విడవడానికి చోటిస్తూ పక్కకి జరిగి, "లోపలికి రండమ్మా, ఎండగా ఉంది" అన్నారు.

గదిలో శ్రావణ్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గోడ మీద అతికించుకున్న బ్యాండ్ల పోస్టర్లన్నీ చించేసి మూల కుప్పగా వేశాడు. అత్తయ్య మంచం అంచున కూర్చుంది. వాడు తిరగకుండానే అన్నాడు, "ఆ పేర్లు చూస్తుంటే భయమేస్తోందండి. అప్పుడు నేను బయటున్నా. ఇప్పుడు లోపలున్నా."

"లోపల మేమున్నాంలే. ఖాళీగా ఏం లేదు" అంది అత్తయ్య.

శుక్రవారం వాడొచ్చాడు. ఈసారి సీటు ఆపిపెట్టే ఓపిక వాడికి లేదు. ఆమే తెల్లవారే బస్సులో జగ్గయ్యపేట వెళ్ళి, వాడితో కలిసి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. ఇద్దరికీ రెండు చీటీలు తనే రాయించింది. అలా నెలనెలా. మందు కుదరడానికి టైం పట్టింది. మధ్యలో ఒకసారి మానేశాడు, మళ్ళీ కింద పడ్డాడు, మళ్ళీ లేచాడు. ఒక సంవత్సరం ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పుడు వాళ్ళ నాన్న షాపులోనే కూర్చుంటాడు, ఆదివారాలు షెడ్డులో పాడతాడు. వాళ్ళక్క పెళ్ళయింది. ఆ పెళ్ళికి అత్తయ్యని ముందు వరసలో కూర్చోబెట్టారు. జగ్గయ్యపేటలో అందరూ మెచ్చుకునేవాళ్ళు, "ఎంత మంచి బిడ్డో, పాపం ఆ పిచ్చావిణ్ణి నెలనెలా ఆసుపత్రికి తిప్పుతున్నాడు" అని. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా శ్రావణ్ మొహం ముడుచుకుపోయేది. ఒకసారి ఆమెతో, "నేను చెప్పేస్తానండి అందరికీ" అన్నాడు.

"చెప్పాలనిపించినప్పుడు చెప్పు. నా కోసం చెప్పొద్దు. నాకు బరువేం లేదు."

పెద్దకర్మ రోజు మా ఇంటి ముందు షామియానా వేశాం. బంధువులు, ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు, నాగూర్ వాళ్ళ కుటుంబం, శ్రావణ్ వాళ్ళ నాన్నగారు, అందరూ భోజనాలకి కూర్చున్నారు. శ్రావణ్ పెరుగు బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నాడు. మా దూరపు చుట్టం ఒకాయన, "ఈ కుర్రాడేనా? సొంత కొడుకులా తిప్పాడంట కదా మా టీచరమ్మని" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా.

శ్రావణ్ బకెట్ కింద పెట్టాడు.

"నేను తిప్పలేదండి. ఆవిడే నన్ను తిప్పారు. ఆవిడకున్న జబ్బే నాకూ ఉందండి. ఇన్నాళ్ళూ ఆవిడ పేరు చెప్పుకుని వెళ్ళా."

వరసలో తినే చప్పుడు ఆగిపోయింది. నేను వాళ్ళ నాన్నగారి వైపు చూశాను. ఆయన విస్తరి వైపే చూస్తున్నారు. లేస్తారనుకున్నాను. మా నాన్న కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, ఒకడుగు ముందుకేశాడు. శ్రావణ్ వాళ్ళ నాన్నగారు లేవలేదు. అన్నంలో చేత్తో చిన్న గుంట చేసి, తలెత్తి, "నాకు పెరుగు వెయ్యి నాన్నా" అన్నారు కొడుకుతో. వాడు వేశాడు. పక్కాయన, "నాక్కూడా" అన్నాడు. వరస మళ్ళీ కదిలింది.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం శ్రావణ్ ఓపీకి రావాలి. అత్తయ్య లేకుండా ఇదే మొదటిసారి కాబట్టి, ఒక్కడే ఉంటాడని నేను ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. లైన్లో వాడు లేడు. వాళ్ళ నాన్నగారున్నారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ పంచె, చెమటకి మెడ దగ్గర తడిసిపోయి, కౌంటర్ వైపు చూస్తూ నిలబడ్డారు. శ్రావణ్ చెట్టు కింద బెంచీ మీద కూర్చుని నాకు చెయ్యి ఊపాడు.

చీటీ తీసుకుని ఆయన తిరిగొస్తుంటే, బెంచీ ఆ చివర మొహం అటు తిప్పుకుని కూర్చున్న నడివయసు మనిషి ఒకాయన గభాలున లేచాడు. జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు ఆయన, మాకందరికీ తెలిసిన మనిషే. దొరికిపోయినట్టు నిలబడ్డాడు.

"ఏంటండీ, మీరిక్కడ?" అన్నాడు.

"మావాడికి చూపించడానికి వచ్చానండి" అన్నారు శ్రావణ్ వాళ్ళ నాన్నగారు. "మీరెవరికి?"

ఆయన అటూ ఇటూ చూశాడు. చీటీ ఉన్న చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"నాకేనండీ" అన్నాడు.

ఆయన మళ్ళీ కూర్చుని, తన సంచి ఒళ్ళోకి తీసుకుని, పక్కన చోటు చేశాడు. శ్రావణ్ వాళ్ళ నాన్నగారు ఆ చోట్లో కూర్చున్నారు. బెంచీ చిన్నది, ముగ్గురూ భుజాలు ఆనించుకుని కూర్చోవాల్సొచ్చింది. వేపాకుల మధ్య నుంచి పడే ఎండ ముగ్గురి మోకాళ్ళ మీదా కదులుతోంది. లోపల్నుంచి నర్సు నంబర్లు పిలవడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఒకేసారి తలలెత్తి విన్నారు.